సర్ విలియం పెర్కిన్: తారునుండి రంగు తీసిన బాలుడు

ఉగాది నాడు తలంటి పోసుకొని కొత్త బట్టలు కట్టుకోవడం మనకు అనాదిగా వస్తున్న ఆచారం. మన తాతముత్తాతలు ఆంధ్రదేశాన్ని విడిచి షోలాపురంలో స్థిరపడినా, భీవండిలో స్థిరపడినా, సేలంలోనో బరంపురంలోనో స్థిరపడినా ఈ ఆచారాన్ని మాత్రం విడువలేదు. పైగా మనలో అనేక కుటుంబాలవారు ఆ బట్టను నేసినవారే, ఆ నూలుకు రంగు వేసినవారే. అయినా ఆ రంగు ఎక్కడిదని అడిగితే అంగడినుండి తెచ్చిన డబ్బాలోనిది అనడమే గాని, దాని వెనుకనున్న కథ చెప్పగలవారు తక్కువ. ఆ కథ 1856 లో లండను నగరంలో, ఒక యింటి పై అంతస్తులోని చిన్నగదిలో, పద్దెనిమిదేండ్ల కుర్రవాని చేతిలో ఆరంభమైనది. ఆ కుర్రవాడే విలియం హెన్రీ పెర్కిన్.

ఈయన జీవితాన్ని గురించి వ్రాయడానికి మరొక కారణం కూడా వున్నది. హైస్కూలులో చదివే పిల్లలను సెలవులలో పరిశోధనశాలలకు పంపి, శాస్త్రజ్ఞుల ప్రక్కన నిలబెట్టి, వారిచేత నిజమైన పరిశోధన చేయించే పద్ధతి ఈనాడు అనేక దేశాలలో వున్నది. పరీక్షలకు చదువుకోవలసిన వయస్సులో ఈ సీసాలూ గొట్టాలూ ఎందుకని సందేహించే తలిదండ్రులు మనలో లేకపోలేదు. పరాయిచోట కాళ్లు నిలదొక్కుకొన్న కుటుంబాలకు పిల్లవాని ఉద్యోగాన్ని గురించిన బెంగ మరికాస్త ఎక్కువే వుంటుంది. అది సహజం. పెర్కిన్ తండ్రికీ సరిగా ఆ బెంగే వుండేది.

పెర్కిన్ 1838 మార్చి 12 వ తేదీన లండను తూర్పు భాగంలో, ఓడరేవులకు చేరువగా వున్న షాడ్వెల్ పేటలో జన్మించాడు. తండ్రి జార్జి పెర్కిన్ వడ్రంగి వృత్తిలోనివాడు, యిండ్లు కట్టించే మేస్త్రీ. ఏడుగురు సంతానంలో విలియం కడపటివాడు. చిన్నతనంలో అతనికి పట్టని విద్య లేదు. చిత్రలేఖనం కొన్నాళ్లు, సంగీతం కొన్నాళ్లు, యంత్రాలు కొన్నాళ్లు. పన్నెండు పదమూడేండ్ల వయస్సులో ఒక స్నేహితుడు పటికనూ సోడానూ నీళ్లలో కరిగించి, అవి మళ్లీ కోణాలు తీరిన స్ఫటికాలుగా కట్టుకోవడం చూపించాడు. పటిక మన వంటయింట్లోనూ వుంటుంది, అద్దకపుశాలలోనూ వుంటుంది. ఎవరూ దానిని ఆశ్చర్యంగా చూడరు. ఆ బాలుడు చూచాడు. ఆనాటితో తక్కిన సరదాలన్నీ వెనుకబడినవి.

తరువాత అతనిని సిటీ ఆఫ్ లండన్ స్కూలులో చేర్చారు. ఆ రోజులలో పాఠశాలలలో రసాయనశాస్త్రం చెప్పడమే అరుదు. ఆ స్కూలులో టామస్ హాల్ అనే ఉపాధ్యాయుడు వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం పిల్లలు భోజనానికి వెళ్లే విరామంలో, దీనిని గురించి ఉపన్యసించేవారు. పెర్కిన్ భోజనం మానుకొని ఆ ఉపన్యాసాలకు వెళ్లేవాడు. శ్రద్ధ కనిపెట్టి హాల్ గారు అతనిని తనకు సహాయకుడుగా పెట్టుకొన్నారు. ఉపన్యాసంలో చూపవలసిన ప్రయోగాలకు సామగ్రి సిద్ధం చేయడం అతని పని. గొట్టాలు కడగడం, ద్రావకాలు కలపడం, దీపాలు వెలిగించడం. చూడడానికి చాకిరివలె వుంటుంది. కాని చేతికి విద్య వచ్చేది అటువంటి చాకిరిలోనే.

హాల్ గారు అంతటితో వూరుకోలేదు. రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే మహాశయుడు చేసే ఉపన్యాసాలకు వెళ్లడానికి, ఆయనకే స్వయంగా ఉత్తరం వ్రాసి అనుమతి కోరవలసినదని శిష్యునికి సలహా చెప్పారు. ఫారడే అప్పటికి యూరపు ఖండమంతా ఎరిగిన శాస్త్రజ్ఞుడు. ఆయన తన స్వహస్తంతో జాబు వ్రాసి ఆ బాలునికి ప్రవేశం కల్పించారు. ఫారడే కూడా బాల్యంలో పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చుకొంటూ, ఎవరో యిచ్చిన టిక్కెట్లతో అదే భవనంలో ఉపన్యాసాలు విని పైకి వచ్చినవాడని గుర్తుంచుకొంటే, ఆ జాబు ఎందుకు వ్రాశారో తెలుస్తుంది. శనివారం మధ్యాహ్నాలలో ఆ సభలో పెద్దల నడుమ పెర్కిన్ కూర్చుండేవాడు.

ఇక తండ్రి సంగతి. కొడుకు భవన నిర్మాణశాస్త్రం చదివి ఆర్కిటెక్టు కావాలని జార్జి పెర్కిన్ కోరిక. ఇండ్లు కట్టేవాని కొడుకు యిండ్లకు పటాలు గీసేవాడైతే అది ఒక మెట్టు పైకి ఎక్కడమే గదా. రసాయనశాస్త్రం చదివినవానికి జీతమిచ్చేదెవరో ఆనాడు ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆ తండ్రిని తప్పుపట్టడానికి వీలులేదు. హాల్ గారు స్వయంగా వెళ్లి ఆయనతో మాట్లాడారు. ఒకసారి కాదు, అనేకసార్లు. చివరకు తండ్రి ఒప్పుకొన్నాడు. ఆ ఉపాధ్యాయుడు అంత శ్రమ తీసుకోకపోతే పెర్కిన్ లండనులో ఎక్కడో మంచి యిండ్లు కట్టించి, ఎవరికీ తెలియకుండా కాలం చేసి వుండేవాడు.

1853 లో, పదిహేనేండ్ల ప్రాయంలో, పెర్కిన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలోని రాయల్ కాలేజి ఆఫ్ కెమిస్ట్రీలో ప్రవేశించాడు. మన లెక్కలో హైస్కూలు పిల్లవాని వయస్సు. ఆ కళాశాల 1845 లో ఏర్పడినది. దానికి అధిపతి ఆగస్ట్ విల్హెల్మ్ హోఫ్‌మన్ అనే జర్మను పండితుడు. ఆయన గీసెన్ నగరంలో లీబిగ్ మహాశయుని శిష్యుడు. శిష్యులచేత గ్రంథాలు వల్లెవేయించడం గాక ప్రయోగశాలలో పని చేయించి నేర్పడం లీబిగ్ సంప్రదాయం. హోఫ్‌మన్ ఆ సంప్రదాయాన్నే లండనుకు తెచ్చారు. ప్రతి విద్యార్థి బల్లవద్దకూ వచ్చి ఏమి చేస్తున్నాడో చూచి పోవడం ఆయన అలవాటు. ఒకనాడు ఒక విద్యార్థి తయారుచేసిన పదార్థాన్ని చిటికెడు గాజుపళ్లెంలోనికి తీసుకొని, దానికి క్షారం కలిపి, చూస్తూవుండగానే తళతళలాడే ఎర్రని లవణం చేసి చూపించారట. ముసలితనంలో కూడా పెర్కిన్ ఆ దృశ్యాన్ని మరువలేదు.

ఆ కళాశాల వసతులు మనం ఊహించుకొనేటంత గొప్పవి కావు. బున్సెన్ దీపాలు ఇంకా రాలేదు. గట్టి వేడిమి కావలసి వస్తే బొగ్గులు రాజేయవలసిందే. విషవాయువులు బయటికి పోవడానికి ఏర్పాట్లు లేవు. ఆ విద్యలో ప్రాణభయమూ వుండేది. హోఫ్‌మన్ శిష్యులలో చార్లెస్ మాన్స్‌ఫీల్డ్ అనే ప్రతిభావంతుడు తారునుండి బెంజీను వేరుచేసే విధానం కనిపెట్టినవాడు. 1855 లో ఆ పనిలోనే బట్టీ పొంగి మంటలంటుకొని, ఆ కాలిన గాయాలతో మరణించాడు. పిల్లలను ప్రయోగశాలకు పంపేటప్పుడు ప్రక్కన తెలిసిన పెద్దలు వుండాలనడం ఊరికే కాదు.

సామాన్య పాఠాలు ముగిసిన పిమ్మట హోఫ్‌మన్ ఆ కుర్రవానికి ఒక సమస్య యిచ్చారు. తారులో దొరికే ఆంథ్రసీను అనే పదార్థంనుండి ఒక కొత్త క్షారం తయారుచేయవలసినదని. ఇక్కడ చదువరులు కొంచెం ఆగి చూడవలసిన సంగతి వున్నది. పాఠశాలలో చేయించే ప్రయోగానికి జవాబు ముందే ఉపాధ్యాయునికి తెలుసు. ఈ సమస్యకు జవాబు హోఫ్‌మనుకూ తెలియదు, లోకంలో ఎవరికీ తెలియదు. పిల్లవానిని నమ్మి అటువంటిది చేతిలో పెట్టారు. ఫలితమా, శూన్యం. పెర్కిన్ ఎంతో శ్రమపడి తారునుండి ఆంథ్రసీను వేరుచేశాడు, దానినుండి కొన్ని పదార్థాలు చేశాడు, తూచాడు, లెక్కకట్టాడు. ఏ లెక్కా కుదరలేదు. ఆంథ్రసీనుకు ఆనాడు పెద్దలు ఒప్పుకొన్న సూత్రమే తప్పు అని తరువాత తేలినది. కాని ఆ నెలలలో ఆ పదార్థం స్వభావం అతని చేతివేళ్లకు తెలిసిపోయినది. దాని ఫలం పదిహేనేండ్లకు గాని చేతికి రాలేదు. ఆ సంగతి ముందు చెబుతాను.

రెండవ సమస్యలో నెగ్గాడు. పదిహేడేండ్లకే హోఫ్‌మన్ అతనిని తన సహాయకులలో చేర్చుకొన్నారు. పగలంతా గురువు పని. తన సొంత ఆలోచనలు పరీక్షించుకోవడానికి తీరిక లేక, యింటి పై అంతస్తులో ఒక గదిలో చిన్న ప్రయోగశాల ఏర్పరచుకొన్నాడు. ఒక బల్ల, సీసాలకు నాలుగు అరలు. నీటి కుళాయి లేదు, గ్యాసు లేదు, స్పిరిటు దీపాలే దిక్కు. ఇల్లంతా వాసన పట్టినా తలిదండ్రులు సహించారు.

1856 ఈస్టరు సెలవులు వచ్చినవి. అప్పుడు పెర్కినుకు పద్దెనిమిదేండ్లు. మలేరియాకు మందైన క్వినైనును కృత్రిమంగా చేయగలిగితే ఎంత మేలని గురువు ఎన్నడో వ్రాసివున్న మాట అతని మనస్సులో పడివున్నది. మన్యపు జ్వరం సంగతి మనకు కొత్త కాదు. విశాఖ, గోదావరి మన్యాలలో దానిచేత చచ్చినవారికి లెక్కలేదు. ఆ మందు దక్షిణ అమెరికాలో పెరిగే సింకోనా చెట్టు బెరడునుండే రావలసివుండేది. నీలగిరులలో తోటలు వేయడం ఆ తరువాతి మాట.

పెర్కిన్ వేసిన లెక్క చాలా సులభం. క్వినైనులో బొగ్గు పరమాణువులు 20, ఉదజని 24, నత్రజని 2, ప్రాణవాయువు 2. తారునుండి చేయగల ఒక పదార్థంలో బొగ్గు 10, ఉదజని 13, నత్రజని 1. అటువంటివి రెండు తెచ్చి కలిపి, ప్రాణవాయువు ఎక్కించి, ఒక పాలు నీరు తీసివేస్తే లెక్క సరిపోతుంది. లెక్క సరిపోయినది గాని క్వినైను రాలేదు. మురికి గోధుమరంగు మడ్డి వచ్చినది. ఇటుకల సంఖ్య ఒకటే అయినంత మాత్రాన రెండు యిండ్లు ఒకటి కావని మేస్త్రీ కొడుకుకు తోచవలసినది. కాని పరమాణువులు ఏ వరుసలో కూర్చబడివుంటాయో ఆనాటికి ఏ పండితునికీ తెలియదు. క్వినైను అమరికను పట్టుకోవడానికి మరొక అర్ధశతాబ్ది పైగా పట్టినది.

ఆ మడ్డిని పారవేసి మరునాడు ఆటలకు పోయివుంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. అతడు అలా చేయలేదు. ఎందుకిట్లా జరిగినదో చూడాలని, మరింత సామాన్యమైన పదార్థంతో అదే ప్రయోగం చేశాడు. ఆ పదార్థం అనిలిను. ఈ పేరు మనది. మొట్టమొదట దీనిని నీలిమందును బట్టీపట్టి తీశారు; పోర్చుగీసువారు నీలిమందును అనిల్ అంటారు, ఆ మాటకు మూలం మన నీల శబ్దమే. ఈసారి వచ్చినది నల్లని మడ్డి. మొదటిదానికంటె అన్యాయం. దానిని ఆరబెట్టి స్పిరిటుతో కరిగించి చూడగా ద్రవం వంగపూవు ఛాయలోనికి, అంతకంటె కాంతిగా, తిరిగినది.

అనిలిను శుద్ధమైనదై వుంటే ఆ రంగు వచ్చేది కాదు. టొలూయిడిను అనే మరొక పదార్థం దానిలో కల్తీగా వున్నది. ఇందులో అదృష్టం లేదని నేననను. కాని రంగునీళ్లు చూచి ముచ్చటపడి వూరుకోక ఆ కుర్రవాడు దానిలో పట్టుగుడ్డ ముంచాడు. రంగు పట్టినది. ఉతికాడు, పోలేదు. ఎండలో పెట్టాడు, వెలిసిపోలేదు. ఆ పరీక్షలు మన రంగరేజులు చేసే పరీక్షలే. స్నేహితుడైన ఆర్థర్ చర్చ్, అన్న టామస్ అతనికి తోడు నిలిచారు. పని యింటి తోటలోని కొట్టంలోనికి మారినది. గురువుకు మాత్రం అప్పటికి చెప్పలేదు.

స్కాట్లండులో పెర్త్ నగరంలో పుల్లర్ వంశంవారి అద్దకపు కర్మాగారం ప్రసిద్ధమైనది. అక్కడికి నమూనా పంపగా, 1856 జూన్ 12 వ తేదీన రాబర్ట్ పుల్లర్ వద్దనుండి జాబు వచ్చినది. బట్ట వెల మరీ పెరగకుండా వుంటే ఇది బహుకాలంగా వెలువడినవాటిలో చాలా విలువైన ఆవిష్కరణ అని దాని సారాంశం. ఆగస్టు 26 వ తేదీన పెర్కిన్ పేటెంటు తీసుకొన్నాడు. ఇరువది యొక్క యేండ్లు నిండనివానికి పేటెంటు చెల్లునా అని సందేహం వచ్చి న్యాయవాదులను అడగవలసివచ్చినది. ఫ్రాన్సులో గడువు దాటిపోయి హక్కు దక్కలేదు.

ఇప్పుడు కళాశాల వదలి కర్మాగారం పెట్టవలెనని అతని సంకల్పం. హోఫ్‌మన్ కోపగించారు. ప్రతిభగల శిష్యుడు వర్తకంలో పడి శాస్త్రానికి దూరమవుతాడని ఆయన బాధ. ఆ భయం శిష్యునికీ లేకపోలేదు. ఎంత పనిలో వున్నా పరిశోధన మానరాదని అప్పుడే నిశ్చయించుకొన్నాడు. ఈసారి కష్టమైన నిర్ణయం తండ్రిది. మూడేండ్ల క్రితం కొడుకును ఈ విద్యకు పంపడానికే సందేహించిన ఆ మేస్త్రీ జీవితమంతా కూడబెట్టిన సొమ్ము తెచ్చి కర్మాగారంలో పెట్టాడు. అది పోతే వృద్ధాప్యానికి ఏమీ మిగలదు. ఎందుకు ఒప్పుకొన్నాడని ఆలోచిస్తే, పిల్లవాడు రాత్రులు మేలుకొని చేసిన పని ఆయన కంటియెదుటే, ఆయన కప్పుక్రిందనే జరిగినది గదా. పరీక్షలో వచ్చిన మార్కులు చూచి కట్టిన అంచనా కాదు అది.

హారో పట్టణానికి చేరువగా గ్రీన్‌ఫోర్డ్ గ్రీన్ అనే చోట, కాలువ ఒడ్డున, 1857 జూన్ లో కట్టడం ఆరంభమైనది. తండ్రి కట్టించాడు, అన్న టామస్ వ్యవహారం చూచాడు. తమాషా ఏమంటే అన్నదమ్ములలో ఒక్కరూ అంతకుముందు రసాయన కర్మాగారం లోపలికి అడుగుపెట్టినవారు కారు! బెంజీను, నత్రికామ్లం, అనిలిను అన్నీ బస్తాలలెక్కన కావలసివచ్చినవి. గాజుపాత్రలో గ్రాములలెక్కన చేసిన పనిని ఇనుప బానలలో చేయవలెను, ఏ క్షణంలో పేలుతుందో తెలియదు. అయినా ఆరు నెలలలో, ఆ డిసెంబరు నాటికి, రంగు లండను పట్టు అద్దకందారుకు చేరినది. నూలుబట్టకు ఈ రంగు తనంతట పట్టదు. చెట్ల బెరడు, కాయలలోని వగరు పట్టించిన తరువాతనే పడుతుంది. కరక్కాయ నీళ్లలో గుడ్డను తడపడం తరతరాలుగా ఎరిగిన మన కలంకారీవారికి ఈ కిటుకు వింత కాదు.

1858 జనవరిలో విక్టోరియా రాణి తన కుమార్తె వివాహానికి ఈ ఛాయ దుస్తులు ధరించినది. ఫ్రెంచి మహారాణి యూజనీకి అది ప్రీతిపాత్రమైనది. ఇక చెప్పేదేమున్నది, లండను స్త్రీలందరికీ ఆ పిచ్చి పట్టినది. దానికి మోవ్ అని ఫ్రెంచివారి పువ్వుపేరు స్థిరపడినది. వెంటనే ఇతరులు మాజెంటా మొదలైన రంగులు కనిపెట్టారు. కోపగించిన హోఫ్‌మనే 1863 లో కొన్ని ఊదారంగులు కనిపెట్టి పేటెంటు తీసుకొన్నారు! 1861 లో కెమికల్ సొసైటీలో ఇరువది మూడేండ్ల పెర్కిన్ తారురంగులను గురించి ఉపన్యసించగా, శ్రోతలలో కూర్చుని విని అభినందించినవారిలో ముదుసలి ఫారడే వున్నారు.

1866 లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. ఇకమీదట ఆయనను అతడు అనడం మర్యాద కాదు.

1868 లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ అను ఇద్దరు మంజిష్ఠలోని ఎర్రరంగుకు మూలమైన ఆలిజరినును ఆంథ్రసీనునుండి చేశారు. అయితే వారి పద్ధతికి ఖర్చు విపరీతం. ఆంథ్రసీను పేరు వినగానే పెర్కిన్ గారికి పదిహేనవ యేట వృథా అయినదనుకొన్న శ్రమ జ్ఞప్తికి వచ్చివుండాలి. ఆనాటి సీసాలు కొన్ని ఇంకా ఆయన వద్ద వున్నవి. గంధకామ్లంతో చవుకయిన విధానం కనిపెట్టి 1869 జూన్ 26 న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. జర్మనులు అదే విధానానికి జూన్ 25 న పెట్టివున్నారు. ఒక్కరోజు తేడా! వ్యాజ్యాలకు పోక ఉభయులూ సమాధానపడ్డారు. గ్రీన్‌ఫోర్డులో 1869 లో ఒక టన్ను, 1870 లో 40 టన్నులు, 1871 లో 220 టన్నులు తయారైనది.

ఈ అంకెలు చదివి సంతోషించేముందు మన కోస్తాను తలచుకోవలసి వున్నది. మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాల ఇసుక నేలలలో చిరివేరు పండేది. కలంకారీ ఎరుపుకు అదే ప్రాణం. డచ్చివారూ ఇంగ్లీషువారూ ఆ ఎరుపు కోసమే మన రేవులకు వచ్చి కొట్లు కట్టారు. దానిని త్రవ్వేవారు, ఎండబెట్టేవారు, దంచేవారు, అందరికీ అదే బ్రతుకు. తారునుండి చేసిన ఆలిజరిను వచ్చిన తరువాత ఆ పైరు క్రమంగా అంతరించినది. ఫ్రాన్సులో మంజిష్ఠ రైతులకూ అదే గతి పట్టినది. 1897 లో జర్మను కృత్రిమ నీలి బజారుకు రాగా కడప, నెల్లూరు జిల్లాల నీలిసాగు కూడా ఆ దారినే పోయినది. మేలు పొందినదీ మనవారే. వెల తగ్గి, పేదయింటి ఆడపడుచుకు కూడా ఎర్రచీర అందినది. షోలాపురం మగ్గాలమీదికి వచ్చిన రంగునూలు ఆ డబ్బాలదే. రెండూ ఒక్క మనిషి చేతిలోనివే గనుక రెండూ చెప్పవలెను.

1874 లో, ముప్పదియారేండ్ల వయస్సులో, ఆయన కర్మాగారాన్ని అమ్మివేశారు. సంపాదించినది చాలుననుకొన్నారు. ప్రక్కనే యిల్లు కట్టుకొని, పాత యింటిని ప్రయోగశాలగా మార్చుకొని, కుర్రతనంలో చేసుకొన్న నిశ్చయానికి తిరిగివచ్చారు. కౌమరిను అనే సుగంధద్రవ్యాన్ని 1868 లోనే కృత్రిమంగా చేసివున్నారు. ఆయన పేరుతో పిలిచే రసాయన చర్యను నేటికీ కళాశాలలలో నేర్పుతున్నారు. చివరి ఇరువదియైదేండ్లు అయస్కాంతశక్తిచేత కాంతి ఎట్లా తిరుగుతుందో అనేక ద్రవాలలో కొలుస్తూ గడిపారు. ఆ విచిత్రాన్ని 1845 లో కనిపెట్టినవారు, స్కూలు పిల్లవానికి జాబు వ్రాసిన ఫారడేయే.

1906 లో మోవ్ పుట్టి ఏబదియేండ్లయిన సందర్భంలో లండనులోనూ న్యూయార్కులోనూ గొప్ప ఉత్సవాలు జరిగినవి. సర్ బిరుదు ఆ యేడే వచ్చినది. మరుసటి యేట జూలై 14 వ తేదీన, అరువదితొమ్మిదవ యేట, కాలధర్మం చెందారు. ఆ రంగులోని అణువుల అమరికను శాస్త్రజ్ఞులు సరిగా తేల్చినది 1994 లో.

ఆయన ముగ్గురు కుమారులూ రసాయనశాస్త్రజ్ఞులే అయినారు. పెద్దవాడు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడు. రెండవవాడు ఆర్థర్ జార్జి పెర్కిన్ లీడ్స్ నగరంలో, చెట్లనుండి వచ్చే సహజమైన రంగుల పరిశోధనకు అంకితమైనాడు. తండ్రి బ్రతికివుండగానే, 1893 లో, ఆయనా హమ్మెల్ అనే మరొక పండితుడూ కలిసి మన చిరివేరును తెప్పించి పరీక్షించి దానిని గురించి వ్యాసం ప్రకటించారు. ఆ వేరులోని ఎరుపుకు మూలమని అందులో తేలినది, గ్రీన్‌ఫోర్డులో టన్నులలెక్కన తయారైన ఆ ఆలిజరినే.